పూతసీమ తూర్పు హద్దు

దశరథరామయ్య కొలిచిన గట్టు మీద గొడవపడినవాళ్ళు నూజివీడు చుట్టుపక్కల లేరు. పడాలని ముచ్చటపడినవాళ్ళున్నారు గానీ, కొలిచింది ఆయనని తెలిశాక ప్లీడర్లే వాళ్ళని వెనక్కి పంపేసేవారు. ముప్ఫై అయిదేళ్ళపాటు లైసెన్స్ సర్వేయరుగా ముసునూరు నుంచి విస్సన్నపేట దాకా, ఇటు జి. కొండూరు దాకా మామిడితోటల్లో గొలుసు లాగాడు. గొలుసులు పోయి టేపులొచ్చాయి, టేపులు పోయి శాటిలైట్‌తో మాట్లాడే కర్రలొచ్చాయి. ఆయన మాట మాత్రం మారలేదు. అన్నదమ్ములు పంచుకునేచోట పెద్దమనుషులు పదిమంది కూర్చున్నా, చివరికి అందరూ ఆయన మొహమే చూసేవారు. ఆయన వస్తున్నాడంటే గట్టు దానంతటదే సర్దుకుంటుందని వెంకట్ అనేవాడు. వెంకట్‌ది ఊళ్ళో ఎరువుల కొట్టు. అక్కడ ఎరువు కన్నా ఎక్కువగా చలామణీ అయ్యేది ఇలాంటి మాటలే.

అలాంటి మనిషి అరవై ఒకటో ఏట వీడియో గేముల్లో పడ్డాడు. తప్పు మోకాలిది. ఆపరేషన్ అయ్యాక మూడు నెలలు తోట మొహం చూడొద్దన్నారు డాక్టర్లు. వార్తలు చూస్తే బీపీ పెరిగేది, సీరియల్ చూస్తే కునుకు పట్టేది. కూతురు హరిచందన హైదరాబాద్‌లోని ఒక గేముల కంపెనీకి ఇంట్లో కూర్చునే పనిచేస్తుంది. తయారైన గేముల్లో తప్పులు వెతకడం ఆమె ఉద్యోగం. తండ్రిని చూసి జాలిపడి ‘అగ్నిశిల’ అనే గేము పెట్టి, ఆడే రిమోట్ చేతికిచ్చింది. మంచుకొండలు, కోటలు, నిప్పులు కక్కే సర్పాలు, మంత్రాలు, కత్తి పట్టుకుని రాజ్యమంతా తిరిగే ఒక వీరుడు. ఇంకెవరైనా అయితే ముందు ఆ సర్పాల్ని చంపే ప్రయత్నం చేస్తారు. దశరథరామయ్య వీరుణ్ణి కోట గుమ్మం నుంచి నది దాకా నడిపించి అడుగులు లెక్కపెట్టాడు. వెళ్ళేటప్పుడు నాలుగువందల పన్నెండు, వచ్చేటప్పుడు మూడువందల తొంభై.

“చందూ, ఈ రాజ్యం కొలత తప్పమ్మా. ఇరవై రెండడుగులు ఎవడో మింగేశాడు,” అన్నాడు.

హరిచందన ముందు నవ్వింది. తర్వాత తనూ నడిపించి చూసి, నవ్వడం మానేసి కంపెనీకి రాసింది. నిజంగానే తప్పట. సరిచేసి, మీ నాన్నగారికి థాంక్స్ చెప్పండి అని జవాబిచ్చారు. ఆ థాంక్స్‌ని ఆయన ఫోన్లో దాచుకుని ఊళ్ళో కనీసం నలభై మందికి చూపించాడు.

“ఈ వయసులో ఆటలేంటండీ, ఎవరన్నా వింటే నవ్విపోతారు,” అంది భార్య విజయలక్ష్మి.

“ఆట కాదే, తనిఖీ,” అన్నాడాయన.

సంక్రాంతి వెళ్ళాక కంపెనీవాళ్ళు ఒక ప్రకటన చేశారు. అగ్నిశిల రెండో భాగం తీయబోతున్నారు. కథ కొత్త లోకంలో జరగాలి. ఆ లోకం ఎలా ఉండాలో ఆడేవాళ్ళే ప్రతిపాదించవచ్చు. నచ్చినవాటిని వెబ్‌సైట్లో పెడతారు, జనం ఓట్లేస్తారు, ఆఖరుకి ఒకటి ఎంచుకుంటారు. హరిచందన ఈ సంగతి అన్నం తింటూ మాటవరసకి చెప్పింది. దశరథరామయ్య అన్నంలో చెయ్యి పెట్టి అలాగే ఆగిపోయాడు.

మర్నాడు పొద్దున్నే కళ్ళజోడు తుడుచుకుని, తెల్లకాగితం తీసి, పైన ఇలా రాశాడు: “విషయం: అగ్నిశిల రెండవ భాగమునకు నూతన ప్రదేశమును ప్రతిపాదించుట గురించి.” పద్నాలుగు పేజీలయింది. మొదటి పేజీ అంతా మొదటి భాగం మీద అభ్యంతరాలే. రాజ్యానికి పోరంబోకు చూపలేదు. పశువుల దారి లేదు. సర్పం గుహకి హద్దులు రాయలేదు కనుక సర్పం ఎవరి భూమిలో ఉంటున్నదో తేలదు. రెండో పేజీ నుంచి కొత్త లోకం మొదలైంది. దాని పేరు పూతసీమ.

పూతసీమలో రాజుల్లేరు, తోటలున్నాయి. అక్కడి వీరుడికి కత్తి బదులు చిక్కం కర్ర ఉంటుంది, అదే కాయ దెబ్బ తగలకుండా వల్లో పడేలా కోసే పొడుగాటి గెడ. శత్రువుల్లో మొదటిది పొగమంచు, అది తాకితే పూత నల్లగా మాడిపోతుంది. రెండోది పూత రసం పీల్చేసే తేనెమంచు పురుగు, దున్నపోతంతది. మూడోది కోతుల సైన్యం, దానితో ఏ ఒప్పందమూ నిలవదు. పూత చూసి వేసవిలో ఎన్ని బళ్ళ కాయ దిగుతుందో చెప్పే మాంత్రికులున్నారు. వాళ్ళు మామిడి దళారులు బేరమాడినట్టు తుండుగుడ్డ కింద చేతులు పెట్టుకుని వేళ్ళతో యుద్ధం చేసుకుంటారు. ఎవరు గెలిచారో ఆ ఇద్దరికి తప్ప మూడోవాడికి తెలియదు. అన్నిటికన్నా హరిచందనకి నచ్చింది పదకొండో పేజీ. పూతసీమలో హద్దురాయికి ప్రాణం ఉంటుంది. ఎవరైనా దాన్ని జరిపితే, అది లేచి నెమ్మదిగా నడుచుకుంటూ తన చోటికి తాను వెళ్ళిపోతుంది.

“నాన్నా, ఇది ఎలా తట్టింది నీకు?”

“ఊరికే,” అన్నాడు. ఊరికే తట్టలేదు. ఆ సంగతి పటం గీసేటప్పుడు ఆయనకే ఎదురైంది.

లేని ఊరికి పటం ఎలాగైనా గీసుకోవచ్చు. కానీ దశరథరామయ్య చేతికి ఊహించడం అలవాటు లేదు. తన తోటనే వీరుడి తోట చేసి, దానికి తూర్పున అన్న నారాయణరావు తోట, చుట్టూ ఊళ్ళోవాళ్ళ పొలాలు, దారులు, మడుగులు అన్నీ స్కేలు ప్రకారం దించాడు. వీరుడి తోటకి తూర్పు హద్దు గీయబోయేసరికి పెన్సిల్ ఆగింది.

ఇరవై నాలుగేళ్ళ కింద, తండ్రి పోయాక అన్నదమ్ములిద్దరూ ఆ తోట పంచుకున్నారు. తన భూమి తాను కొలుచుకోకపోవడం సర్వేయర్లలో ఒక మర్యాద. ఇంకొకర్ని పిలుద్దామనే ఆయనా అన్నాడు. నారాయణరావే ఒప్పుకోలేదు. “నువ్వుండగా పైవాడెందుకురా? నువ్వు కొలిస్తే నేను చూడక్కర్లేదు,” అని మోటారు షెడ్డు దగ్గర కూర్చున్నాడు. కొలిస్తే సగం గీతకి అవతల, అన్న వైపున, అయిదు చిన్నరసం చెట్లు వరసగా పడ్డాయి. మామిడి ఒక ఏడు కాస్తే మరో ఏడు అలుగుతుంది. ఆ అయిదూ అలగడం ఎరగనివి. దశరథరామయ్య అటూ ఇటూ చూసి, రాయిని పన్నెండడుగులు తూర్పుకి జరిపి పాతాడు. అన్న కాగితం తిప్పి కూడా చూడకుండా సంతకం పెట్టాడు. ముప్ఫై అయిదేళ్ళ సర్వీసులో ఆయన చేసిన దొంగకొలత అదొక్కటే. ఊరందరికీ న్యాయంగా కొలిచి సొంత అన్నకి చేసిన అన్యాయం. నాలుగేళ్ళ కింద నారాయణరావు గుండెపోటుతో పోయాడు. ఇప్పుడా తోటని వదిన ప్రమీలారాణి చూసుకుంటోంది.

మరి పూతసీమలో ఆ చెట్లు ఎవరివైపు ఉండాలి? అక్కడ కాసే కాయ తినేవాడూ లేడు, అమ్మేవాడూ లేడు. లాభం లేనిచోట అబద్ధం గీయడానికి ఆయన మనసొప్పలేదు. గీత చెట్లకి పడమరగా, ఉండాల్సిన చోటే పడింది. గీశాక ప్రాణం ఎంత తేలికపడిందంటే, ఆ మధ్యాహ్నం గోంగూరతో రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. ఖర్చు లేకుండా నిజాయితీ దొరికితే ఎవరికైనా ఆకలి వేస్తుంది.

ప్రతిపాదన వెబ్‌సైట్లోకి ఎక్కింది. హరిచందన పటం ఫొటోతో సహా ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టి, “మా నాన్నకి ఓటెయ్యండి” అని రాసింది. సరిగ్గా ఆ వారమే, భూములన్నీ మళ్ళీ కొలుస్తామని ప్రభుత్వం రీసర్వే నోటీసు వచ్చింది. వచ్చే గురువారం సర్వేవాళ్ళు దశరథరామయ్య తోటవైపు వస్తున్నారు, రైతులు పక్కపక్కన నిలబడి హద్దులు చూపించాలి, చూపించినచోట కొత్త రాళ్ళు పాతుతారు. ఇక ఆ రాళ్ళే శాశ్వతం.

ఊరు ఈ రెండు కాగితాల్నీ ఒకటి చేసుకుంది. దశరథరామయ్య చేత్తో గీసిన పటం, కొలతలతో సహా, రీసర్వే ముందు వచ్చిందంటే అది ఆట కోసం గీసిందని ఎవరు నమ్ముతారు? మొదట వెంకట్ వచ్చాడు.

“బాబాయ్, మా పొలం మీద పిశాచాల మడుగు అని రాశారేంటండీ? రేపు అమ్మకానికి పెడితే ఎవడు కొంటాడు?”

“అది గేమురా.”

“గేమే అనుకోండి. పిశాచాల్ని చిన్నప్ప పొలంలో పెట్టకూడదా? ఆయన ఎలాగూ అమ్మడు.”

చిన్నప్ప కోపంతో రాలేదు, అరటిపళ్ళతో వచ్చాడు. తన తోటకి దారి లేదని పదేళ్ళుగా పోట్లాడుతున్నాడు. పటంలో కోతుల సైన్యం నడిచే బాట ఆయన తోట దాకా వెళ్ళింది. “మీ పుణ్యాన దారి తేలిపోయిందండీ, కింద చిన్న సంతకం పెట్టివ్వండి,” అన్నాడు. ఓటు బటన్ నొక్కితే హద్దు ఒప్పుకున్నట్టేనని ఎవరో పుకారు లేపారు. దాంతో పూతసీమకి వచ్చిన ఓట్ల కన్నా అభ్యంతరాలే ఎక్కువయ్యాయి. అభ్యంతరాలు కూడా జనాదరణ కిందే లెక్క కాబట్టి, కంపెనీ పూతసీమని ఆఖరి మూడింటిలో చేర్చింది.

ఆదివారం ప్రమీలారాణి వచ్చింది. చేతిలో పటం జిరాక్సు కాగితం. విజయలక్ష్మి ఇచ్చిన మజ్జిగ తాగి, గ్లాసు పక్కన పెట్టి, కాగితం మోకాళ్ళ మీద పరుచుకుంది.

“దశరథం, ఇందులో అయిదు చెట్లూ నావైపు ఉన్నాయేంటయ్యా?”

“అది గేము కదా వదినా. కల్పన.”

“కల్పనే. కానీ పక్కన అడుగులేసి మరీ రాశావు.”

“అలవాటు.”

“అంతేలే,” అంది ఆమె. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది. “గురువారం ఎక్కడ నుంచోమంటే అక్కడ నుంచుంటాను. ఎక్కడ చూపిస్తే అక్కడ సంతకం పెడతాను. మీ అన్నయ్యా అలాగే పెట్టాడుగా.”

అందులో దెప్పిపొడుపు ఉందో లేదో ఆయనకి అంతుపట్టలేదు. ఉంటేనే బాగుండుననిపించింది. ఎదురు తిరిగే మనిషి హద్దు కాజేయడం ఒక రకం. అడగని మనిషిది రెండోసారి, అదీ ప్రభుత్వం సాక్షిగా కాజేయడం ఇంకో రకం. ఆ రెండోరకం పనికి ఇంక నాలుగు రోజులే గడువు.

మంగళవారం కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. హరిచందన ఎగిరి గంతేసినంత పనిచేసింది. పూతసీమ దాదాపు ఖాయమైనట్టే. ఒక్క చిన్న మార్పు కావాలట. వీరుడు ఆట మొదలుపెట్టగానే కాయ కోయడం నేర్చుకోవాలి. అందుకు హద్దు దగ్గరున్న అయిదు చెట్లు చక్కగా సరిపోతాయి. కానీ పటంలో అవి పక్కవాళ్ళ తోటలో ఉన్నాయి. కాబట్టి తూర్పు గీతని కాస్త అవతలికి జరిపితే చాలు.

దశరథరామయ్య ఆ మెయిల్ మూడుసార్లు చదివించుకున్నాడు. “ఎంత జరపాలట?”

“పన్నెండడుగులు చాలు నాన్నా. నేను కొలిచాను.”

“కుదరదు.”

“అదేంటి?”

“ఆ చెట్లు వీరుడివి కావు. గీత జరగదు. రాసెయ్.”

“నాన్నా! లేని ఊరు, లేని చెట్లు! ఓ గీత కోసం ఎవరన్నా ఇంత పెద్ద అవకాశం వదులుకుంటారా? మా వాళ్ళంతా నీ గురించే మాట్లాడుకుంటున్నారు!”

ఆయన వినలేదు. తానే కూర్చుని జవాబు రాశాడు: “విషయం: తూర్పు హద్దు జరుపుటకు నిరాకరించుట గురించి. ముప్ఫై అయిదేళ్ళ నా వృత్తిలో ఒకరి చెట్టు ఇంకొకరికి కలిపి గీయమంటే గీయలేదు. ఇప్పుడును గీయజాలను.” రాశాక ఆ వాక్యం మీదికి పెన్ను వెళ్ళింది. అయినా కొట్టెయ్యలేదు. అబద్ధమని తనకి తెలుసు గానీ, కంపెనీకి తెలియదు కదా. కంపెనీ మర్నాడే మర్యాదగా ధన్యవాదాలు చెప్పి, రెండో భాగాన్ని సముద్రం అడుగున తీస్తామని తెలిపింది. నీటి అడుగున గట్లుండవు.

హరిచందన ఒక పూటంతా అలిగింది. బుధవారం సాయంత్రం వరండాలోకి వచ్చి తండ్రి పక్కన కూర్చుంది. ఒక చేతిలో పూతసీమ పటం, రెండో చేతిలో బీరువాలోంచి తీసిన పంపకాల కాగితం.

“తప్పులు వెతకడానికే నాకు జీతమిస్తారు నాన్నా. ఈ రెండింట్లో మిగతా గీతలన్నీ అచ్చుగుద్దినట్టు కలిశాయి. తూర్పుది ఒక్కటే కలవలేదు. పన్నెండడుగులు తేడా.” రెండు కాగితాలూ ఆయన ఒళ్ళో పెట్టింది. “వీటిలో ఏది తప్పు?”

కూతురి ముందు ఇంత సిగ్గు ఆయన ఎప్పుడూ పడలేదు.

“బీరువాలోది,” అన్నాడు.

గురువారం తోటలో జనం బాగానే చేరారు. కాయలు అప్పుడే నిమ్మకాయంత అయ్యాయి. విలేజ్ సర్వేయర్ మేఘన శాటిలైట్ కర్ర పట్టుకుని వచ్చింది. ఇరవై ఆరేళ్ళ పిల్ల. దశరథరామయ్య దగ్గరే మొదట గొలుసు పట్టడం నేర్చుకుంది. అందుకే ఆయన్ని అడగడానికే మొహమాటపడింది.

“తూర్పు హద్దు చూపించండి సార్. రికార్డు కోసం అడుగుతున్నా, అంతే.”

ఆయన పాత రాయి దగ్గర కాసేపు నిలబడ్డాడు. తర్వాత మోకాలు పట్టుకుని, చెట్ల వరస దాటి, తన తోటలోకే పన్నెండడుగులు నడిచి ఆగాడు.

“ఇక్కడమ్మా.”

“అదేంటి సార్, రాయి అక్కడుంది కదా?”

“ఆ రాయి తప్పు.”

“ఎలా తప్పిందండీ?”

ఇదే ఆ క్షణం. రాత్రంతా అనుకున్న మాట నాలుక మీదికి వచ్చింది: నేనే జరిపాను. నోరు తెరిచాడు. ఈలోపు వెంకట్ అందుకున్నాడు.

“గేము మేడమ్, గేము! ఆ పటంలో గీత ఇక్కడే ఉంది. మూడు నెలలుగా అదే పనిగా ఆడుతుంటే ఏది తోటో ఏది ఆటో ఎలా తెలుస్తుందండీ బాబాయ్‌కి?”

అందరూ నవ్వారు. కొందరు జాలిగా నాలుక చప్పరించారు. దశరథరామయ్య తెరిచిన నోరు మూసుకున్నాడు. దొంగ అనిపించుకోవడం కన్నా పిచ్చివాడు అనిపించుకోవడం చౌక అని ఆ ఒక్క క్షణంలో తేలిపోయింది, ఆయన చౌకగా దొరికినదాన్ని తీసేసుకున్నాడు. మేఘన రెండుసార్లు అడిగి, ఆయన మాట మార్చకపోయేసరికి కర్ర అక్కడే నిలబెట్టింది. కొత్త రాయి పాతారు. ప్రమీలారాణి తాను అన్నట్టే సంతకం పెట్టింది. మధ్యాహ్నానికల్లా ఊళ్ళో పదిళ్ళలో పిల్లల చేతుల్లోంచి ఫోన్లు లాగేశారు. చూడండిరా, అంతటి దశరథరామయ్యే గేము ఆడి ఆడి అయిదు చెట్లు పోగొట్టుకున్నాడు, మీరెంత అని.

జనమంతా వెళ్ళాక ఆ చెట్ల కింద ఆయనా, వదినా మిగిలారు. కనీసం ఈ ఒక్క మనిషికైనా చెప్పాలనుకున్నాడు.

“వదినా, గేము కాదు. పంపకాలనాడు ఆ రాయి నేనే...”

“తెలుసు,” అంది ప్రమీలారాణి.

ఆయన తలెత్తి చూశాడు.

“ఆ సాయంత్రమే మీ అన్నయ్య అడుగులేసి చూసుకున్నాడు. ఇంటికొచ్చి నాకు చెప్పాడు. వెళ్ళి అడుగుతానంటే నా చెయ్యి పట్టుకుని ఆపేశాడు. ‘అడిగితే చెట్లిచ్చేస్తాడే, కానీ మళ్ళీ నా మొహం చూడలేడు. వాడే చెప్తాడు, ఆగు’ అన్నాడు. ప్రతి వేసవిలోనూ అదే మాట, ఈ ఏడు చెప్తాడు చూడు అని. ఆస్పత్రిలో నువ్వు చూడ్డానికొచ్చి వెళ్ళాక కూడా అడిగాడు, ‘తమ్ముడేమన్నా అన్నాడా’ అని.” ఆమె పైట చెంగుతో మొహం తుడుచుకుంది. “చెట్లు నాకెందుకు దశరథం? ఆయనుండగా చెప్పాల్సింది.”

ఆమె తన తోటవైపు వెళ్ళిపోయింది. దశరథరామయ్య కొత్త రాయి పక్కన కూలబడి, అన్న పోయిననాడు కూడా ఏడవనంతగా ఏడ్చాడు. రోడ్డు మీద వెళ్తున్న చిన్నప్ప అది చూసి బండి ఆపాడు. ఊళ్ళోకొచ్చి, పాపం ఇప్పటికి తెలివొచ్చిందండీ, అయిదు చెట్లు పోయినందుకు కుళ్ళికుళ్ళి ఏడుస్తున్నాడు అని అందరికీ చెప్పాడు.